నా వెనక మూల సీటు

అరవైల మొదట్లో దొరవారిసత్రంలో నేనొక పాత కారును బాడుగకు తిప్పేవాణ్ణి. నిమ్మకాయ కట్టాకే ఆ కారు రోగం కుదిరిందని మావైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆ మాట పుట్టినప్పుడే కాదనాల్సినవాణ్ణి, ఊరుకున్నాను.

మా దగ్గరి సరస్సు పక్క ఊళ్లలో కాన్పులు చేసే నర్సమ్మ ఒకామె తరచూ నా కారెక్కేది. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకున్న మనిషి. చిన్న వయసులోనే భర్త పోయాడు. బయలుదేరేవేళ ఆమె మొహం కనపడకూడదని తక్కినవాళ్లు ఆమెను నా సీటు వెనక మూలకు నెట్టేవారు. అక్కడ స్ప్రింగు విరిగి గుచ్చుకునేది. ఆమె లేని రోజున ఆ మూల ఎవరూ కూచోరు, ఏ గుడ్డల మూటో పెట్టేవారు.

కొన్నాళ్లకు కారు దారిలో ఆగిపోవడం మొదలైంది. అదీ ఆమె ఎక్కిన రోజే. అందరూ దిగి తోస్తే కదిలేది, ఎక్కి కూచుంటే కాస్త దూరం పోయి మళ్లీ ఆగేది. "నర్సమ్మ ఎక్కితే బండికి నిద్రొస్తుంది" అని మొదట నవ్వులాటకు అన్నది నేనే. తర్వాత దాన్ని ఎవరూ నవ్వుతూ అనలేదు.

ఒక ఉదయం చెరువు కట్ట మీద ఆగింది. ముందు ఊళ్లో తొలి కాన్పు పిల్ల నొప్పులు పడుతూ ఈమె కోసం చూస్తోంది. కారులో ఉన్న పెద్ద రైతు, "ఆమెను దించెయ్ అబ్బయా, మనం పోదాం. నడిచొస్తుందిలే" అన్నాడు. నేను తలుపు తీశాను. ఆమె తన పెట్టె పట్టుకుని దిగింది.

దిగి, నడవకుండా నిలబడింది. "అబ్బయా, నేను దిగంగానే వెనక టకటకమంటా ఉంది. కూచున్నంతసేపూ ఆ చప్పుడు లేదే."

అది ట్యాంకు నుంచి పెట్రోలు తోడే పంపు. కరెంటుతో నడుస్తుంది. తాళం తిప్పి ఉంచితే అట్లా కొట్టుకోవాలి.

"ఇంకోసారి కూచో అక్కా," అన్నాను. కూచుంది. చప్పుడు ఆగింది. దిగింది. మొదలైంది.

"చూసినావా! నేను చెప్పలా?" అన్నాడు రైతు.

"అన్నా, ఇప్పుడు నువ్వు కూచో."

"ఆ స్ప్రింగు మీదా?" అని సణుగుతూనే కూచున్నాడు. పంపు ఆగిపోయింది. "ఏందిరా, నేను గూడా అపశకునమేనా?"

నర్సమ్మ పకపకా నవ్వింది. "లేయన్నా, పంచె చినుగుతుంది."

సీటు ఎత్తాను. పంపుకు పోయే తీగ సరిగ్గా ఆ స్ప్రింగు కిందుగా పోతోంది. నా దగ్గర రెండు తీగలు కట్టిన చిన్న బల్బు ఉండేది. ఒక కొస కారు ఇనుముకు ఆనించి, రెండోది స్ప్రింగుకు ఇవతల తీగలో గుచ్చితే వెలిగింది. అవతల గుచ్చినా వెలిగింది, కానీ మధ్యలో వేలితో నొక్కగానే ఆరిపోయింది. పై తొడుగు బాగానే ఉంది, లోపల రాగి పోగులు తెగాయి. బరువు పడితే విడిపోతున్నాయి, లేస్తే తగులుకుంటున్నాయి. తీగ కోసి మెలిపెట్టి కలిపాను. చుట్టడానికి టేపు లేకపోతే ఆమె తన పెట్టెలోంచి ప్లాస్టరు పట్టీ తీసి, గాయానికి కట్టినట్టే కట్టింది.

వేళకు చేరాం. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. తిరిగొచ్చాక రైతు బానెట్‌కు నిమ్మకాయ కట్టాడు. సాయంత్రానికి ఊళ్లో ఆ నిమ్మకాయ కథే నిలబడింది. ఆయన నాకు రోజూ ఎక్కే మనిషి, అందుకని నోరు మూసుకున్నాను.

మరునాడు ముందు సీటు చూపించి కూచోమన్నాను. "నేను ముందుకొస్తే వెనక చప్పుడు ఎవురు వింటారబ్బయా?" అని తన మూలకే పోయింది. అప్పటికి స్ప్రింగు మార్పించి ఉన్నాను. తర్వాత నా కూతురు పుట్టినప్పుడు, కబురందగానే వానలో తడుస్తూ వచ్చింది.

కారు అమ్మేనాడు సీటు ఎత్తి చూశాను. ఆమె కట్టిన పట్టీ తీగ మీద అట్లాగే ఉంది.