భర్త పక్కనుండగా పెట్టిన టిక్కు

ఎం.ఏ. సైకాలజీ ప్రాజెక్టు కోసం వారం రోజులుగా మట్టెవాడలో దుకాణాలు నడిపే ఆడవాళ్లతో ప్రశ్నాపత్రాలు నింపిస్తున్నాను. ఈ రోజు ఒక ముస్లిం అక్క, ఆపా అని పిలుస్తాను, పేరు చెప్పను, "నిద్ర బాగా పడుతుంది" అన్నచోట టిక్కు పెట్టారు. భర్త నమాజుకు వెళ్లగానే నా చెయ్యి పట్టుకున్నారు.

"నిద్ర లేక నెల అయితాంది చెల్లె. ఆయన పక్కనుంటే నిజం ఎట్ల రాయాలె?"

"ఇప్పుడు మార్చాల్నా ఆపా?"

"వద్దు. ఆ కాయితం ఆయన మళ్లా చూస్తే?"

అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పటిదాకా అందరినీ ఇంట్లోవాళ్ల ఎదుటే అడిగాను. బస్సులో ఫారాలన్నీ తిరగేస్తే, అందరూ హాయిగా నిద్రపోతున్నారు! భయపడుతూనే ప్రాజెక్టు చూసే మా మేడమ్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను.

"మళ్లీ మొదలుపెట్టు, ఒక్కొక్కరిని విడిగా అడుగు" అన్నారు. రిపోర్టు గడువు మాత్రం పెంచలేదు.

మీరైతే ఇంట్లోవాళ్లు పక్కనుంటే నిజం రాసేవారా?