సుషి గురించి తిరిగి తిరిగి

పెళ్లయ్యాక మేమిద్దరం మొదటిసారి వెళ్లిన ఊరు గోవా. జహీరాబాద్‌లో కారెక్కేటప్పుడే నా భార్య తన కోరిక చెప్పింది. బీచ్ చూడకపోయినా, పడవ ఎక్కకపోయినా ఫర్వాలేదు, తిరిగొచ్చేలోగా మంచి సుషి తినాలి. అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టే ఆ జపాన్ వంటకాన్ని హైదరాబాద్‌లో ఉద్యోగ శిక్షణలో ఉండగా ఒకసారి తిన్నదట. ఆ రుచి ఇంకా మరిచిపోలేదు. మా ఊళ్లో అది దొరికే ప్రశ్నే లేదు.

నేను విడిభాగాల నాణ్యత పరీక్షించే ఇంజనీరుని. 'మంచి' అన్న మాటకు కొలత లేకపోతే నాకు కుదరదు. హుమ్నాబాద్ దాటేలోపు ఆమెను అడిగి షరతులు ఖాయం చేశాను. అన్నం ఫ్రిజ్‌లోంచి తీసింది కాకూడదు. చేప వాసన తలుపు దగ్గరే ఎదురు రాకూడదు. చేసే మనిషి మన కళ్లముందే చేయాలి. చీజ్ కనిపిస్తే అక్కడికక్కడే తిరస్కారం.

ఫోన్లో అందరూ మెచ్చుకున్న హోటల్‌కి వెళితే వానాకాలమని తాళం వేసి ఉంది. మరో చోట మెనూలో పనీర్ టిక్కా సుషి ఉంది. నాకేమీ అభ్యంతరం కనిపించలేదు గానీ, ఆమె ముఖం చూసి లేచి నిలబడ్డాను. ఇంకో చోట అన్నం ఎప్పుడు వండారని అడిగాను. కనుక్కొస్తానని లోపలికి వెళ్లిన వెయిటర్ ఎంతకీ తిరిగి రాలేదు.

అలా చివరి సాయంత్రం వచ్చేసింది. తెల్లారితే తిరుగు ప్రయాణం. సముద్రం పక్క రోడ్డు మీద నడుస్తుంటే ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఈదురుగాలికి సగం మాటలు కొట్టుకుపోతున్నాయి.

"ఏం జేస్తున్నరు బిడ్డా?"

"సుషి గురించి తిరుగుతున్నమే. మంచి జాగ దొరుకుతలేదు."

"ఎప్పటిసంది?"

"వచ్చినకాంచి గిదే."

"పులుపు గిట్ల గావాలంటున్నదా?"

సుషి అన్నంలో వెనిగర్ కలుపుతారని నేను చదివి ఉన్నాను. ఆ సంగతి అమ్మకు కూడా తెలిసినందుకు ఆశ్చర్యపోయాను. "అవ్, అండ్ల పులుపు ఉండాల్సిందే" అన్నాను.

"జర పైలం బిడ్డా" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆమె గొంతు కొంచెం వణికింది. గాలి వల్ల అనుకున్నాను.

మరో గంట నడిచాక మా అదృష్టం తిరిగింది. ఒక బేకరీ వెనక సందులో చిన్న దుకాణం కనిపించింది. ఒకాయన గాజు పలక వెనక నిలబడి, చెక్క తొట్టిలోంచి వేడి ఆరిన అన్నం తీసి ముద్దలు చేస్తున్నాడు. వాసన లేదు, చీజ్ లేదు. పళ్లెం వచ్చింది. నా భార్య మొదటి ముక్క పైకెత్తింది. సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది.

అమ్మ వెనక పెద్దమ్మ, ఆమె వెనక వాడకట్టులోని ఆడవాళ్లు. అమ్మ చేతిలో పేడాల పళ్లెం, అప్పటికే సగం ఖాళీ.

"బిడ్డా, డాక్టరమ్మ ఏమన్నది?" అని అమ్మ కోడలిని అడిగింది.

నా భార్య నా వైపు చూసింది. నేను పేడాల వైపు చూశాను. అమ్మ చెవికి సుషి సుస్తిగా చేరిందని అప్పుడు తట్టింది. మా వైపు కొత్త కోడలికి సుస్తి చేసి, పులుపు కూడా అడుగుతోందంటే ఇక డాక్టర్ చెప్పాల్సిందేమీ ఉండదు.

"అత్తమ్మా, సుస్తి గాదు. సుషి. గిది తినేది" అంటూ నా భార్య పళ్లెం ఫోన్‌కి చూపించింది.

వెనకనుంచి పెద్దమ్మ ఆ చేప ఉడికిందేనా అని అడిగింది. దాన్ని పచ్చిగానే ఎందుకు వడ్డిస్తారో నేను వివరంగా మొదలుపెట్టబోయాను. బల్ల కింద నా కాలి మీద ఒక తన్ను పడింది.

అమ్మ ముఖం వాడిపోయింది. పేడాల పళ్లెం వైపు, చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూసింది. నా భార్య చేతిలోని ముక్కను మెల్లగా పళ్లెంలో పెట్టేసింది. అంత తిరిగింది ఇందుకేనా అనిపించింది నాకు.

"గట్ల కింద పెడ్తవేంది బిడ్డా" అంది అమ్మ చివరికి. "గంతగనం తిరిగిన్రు. చల్లారకముందే తినున్రి."

అది చల్లగానే తినేదని చెప్పడానికి నోరు తెరిచాను. రెండో తన్ను పడింది.

ఫోన్ పెట్టేశాక నా భార్య ఆ ముక్క తిని కాసేపు కళ్లు మూసుకుంది. "మంచిగుంది" అంది.

ఏ కొలత ప్రకారమని నేను అడగలేదు.