మాత కళ్ళకు అమ్మ దారం

భవానీపురంలో మా ముందుగదిలో కూర్చుని నేను జపమాల సంచులు, చేతిపర్సులు, గుడిలో తల మీద వేసుకునే ముసుగులు కుట్టి అమ్ముతాను. వాటి మీద మరియమాత ఉంటుంది, ముళ్ళు చుట్టిన యేసు తిరుహృదయం ఉంటుంది. ఈ బొమ్మలన్నీ మైలవరంలో మా అమ్మమ్మ బలిపీఠం మీద పరిచే గుడ్డలకు కుట్టినవే. కొనేవాళ్ళు పాతకాలపు అందం అంటూ మురిసిపోతారు. ఆ అందం వెనకాల మా ఇంట్లో ఒక పద్ధతి ఉందని మాత్రం నేను చెప్పను. చెబితే బేరం పోతుంది.

అమ్మకానికి కుట్టేవాటికి బజారు దారమే వాడతాను. ఇంట్లో ఉంచుకునే మాతకు మాత్రం కళ్ళు అన్నిటికంటే చివర్న కుట్టాలి, అవి కూడా ఇంట్లో పోయిన ఆడవాళ్ళ చీర నుంచి లాగిన దారంతోనే. అలా కుడితే పోయినవాళ్ళు ఇంటిని కనిపెట్టుకుని ఉంటారని అమ్మమ్మ నమ్మకం. బతికున్నవాళ్ళ దారం మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. వాళ్ళ చూపు వాళ్ళకు మిగలదనేది. డిగ్రీ చదివినదాన్ని కదా, విన్నప్పుడల్లా నవ్వేదాన్ని. అయినా అమ్మమ్మ పోయాక కూడా ఆ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు.

అమ్మకు కళ్ళల్లో నీటికాసులని తేలిన ఏడాది, మాత బొమ్మతో తనకో జపమాల సంచి కుట్టిపెట్టమంది. చూపు నెమ్మదిగా పోతుందని, పోయింది తిరిగి రాదని డాక్టరుగారు ముందే చెప్పేశారు. ఆ బెంగతో నాకు అన్నం సయించేది కాదు. అమ్మ మాత్రం తాపీగా ఒక కాఫీరంగు దారపుండ తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"అమ్మమ్మ చీరదేలే. కళ్ళకు ఇది పెట్టు" అంది.

మాత ఎడమ కన్ను కుట్టడం పూర్తయిన సాయంత్రం, అమ్మ తన ఎడమవైపున్న టీకప్పు అందుకోబోయి గాలిని పట్టుకుంది. మళ్ళీ తడిమేసరికి కప్పు కిందపడింది. తుడవడానికి పాతగుడ్డ కోసం పెట్టె తీశాను. పైనే అమ్మమ్మ చీర ఉంది, అంచు చెక్కుచెదరలేదు. దాని కింద, అమ్మ ఆదివారాలు గుడికి కట్టుకెళ్ళే కాఫీరంగు చీర. అంచంతా పీకేసి ఉంది.

ఆ చీర తెచ్చి అమ్మ ఒళ్ళో పడేశాను.

"నీకేమన్నా మతిపోయిందా అమ్మా! ఇప్పుడే విప్పేస్తా."

"విప్పావంటే మాత కంట్లోదీ పోద్ది, నా కంట్లోదీ పోద్ది" అంది అమ్మ. "ఎట్టాగూ పోయే చూపేగా. ఊరికే పోనివ్వడమెందుకే? ఆ తల్లి దగ్గర దాచుకుంటున్నా. రెండోది కూడా కుట్టెయ్."

చచ్చినా కుట్టనన్నాను. ఒంటికన్ను మాత చట్రం మీద అలాగే ఉండిపోయింది. ఏ పని చేసుకుంటున్నా ఆ కన్ను నా వీపు మీదే ఉన్నట్టుండేది. పైన గుడ్డ కప్పుదామని చాలాసార్లు చెయ్యి చాపాను, కప్పలేకపోయాను. బొమ్మకు భయపడుతున్నానని నా మీద నాకే చిరాకేసేది.

వానలు వెనకబట్టేసరికి అమ్మ కుడికన్ను కూడా మసకేసింది. ఒకరోజు కంచంలో చెయ్యి పెట్టి, పప్పేదో పచ్చడేదో తెలియక నావైపు తిరిగింది. ఆ పూటే సూదిలో దారం ఎక్కించాను. కుట్టినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. చివర ముడి వేసేసరికి లోపలి నుంచి అమ్మ "అయిందా?" అంది. దారం కొరికి తెంపాను.

ఇప్పుడు అమ్మకు వెలుతురు కూడా తెలియదు. డాక్టరుగారు టార్చి వేసి చూసి మరీ చెప్పారు. ఆ సంచి ముందుగదిలో మేకుకు వేలాడుతుంది. అమ్మ లోపలి గదిలో మంచం మీద కూర్చుని జపమాల తిప్పుకుంటుంది.

మొన్న ఆటోనగర్ నుంచి ఒకావిడ పర్సు కోసం వచ్చి, ఆ సంచి ముందు ఆగిపోయింది.

"ఏమండీ, ఇది ఇస్తారా? ఇలాంటి కళ్ళు నేనెక్కడా చూళ్ళేదండీ."

అది అమ్మేది కాదండీ అన్నాను. ఆవిడ వింటేగా! పర్సులు చూపిస్తుంటే తిరిగి తిరిగి దానివైపే చూస్తోంది. విసుగొచ్చి సంచి తీసి బీరువాలో పెట్టి తలుపు మూసేశాను.

మిట్టమధ్యాహ్నం. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఏమే, కరెంటు పోయిందా?"

పర్సు కోసం వచ్చినావిడ ఫ్యాను వంక చూసింది, నా వంక చూసింది. నేను బీరువా తెరిచి, సంచిని మళ్ళీ మేకుకు తగిలించాను.

"వచ్చిందమ్మా" అన్నాను.

"ఆఁ, వచ్చింది. ఆవిడకు కుర్చీ వెయ్యవే, ఎంతసేపు నిలబెడతావ్?"