ఆగు, ఏ క్రియ?

మిస్ దొర్కాస్ షెపర్డ్ ఇల్లు తగలబడినా ఊరుకుంటుంది గానీ, ఎదుటివాడు ఇంగ్లీషులో ఒక క్రియ బదులు ఇంకో క్రియ వాడితే ఊరుకోదు. ఇది మాటవరసకు అన్నది కాదు. ఆవిడ వంటిల్లు నిజంగానే అంటుకుంది.

ఆ రోజు కొబ్బరి రొట్టె కాల్చడానికి పెట్టి, ఆవిడ వసారాలో విసురుకుంటూ కూర్చుంది. పక్కింట్లో ఉండే పడవవాడు చాగో నీళ్ళ బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ గేటు దాటి లోపలికొస్తే ఇంగ్లీషే మాట్లాడాలని నియమం. అందుకని వాడు "ఐ లుక్ స్మోక్! ఐ లుక్ స్మోక్!" అని అరిచాడు.

టక్, టక్. గొడుగు మొన నేలకు తగిలింది.

"ఆగు. ఏ క్రియ?"

"టీచరమ్మా, మంటలు!"

"మంటలు నామవాచకం. నేనడిగింది క్రియ. లుక్ అంటే పనిగట్టుకుని కళ్ళు అటు తిప్పడం. నువ్వు పొగ కోసం వెతికావా?"

"లేదమ్మా, అదే కళ్ళబడింది."

"కళ్ళబడితే ఏమంటాం?"

"సీ! ఐ సీ స్మోక్!"

"నా బంగారుకొండ. ఇప్పుడు నీళ్ళు పొయ్యి."

అప్పటికి రొట్టె బొగ్గయింది. పైకప్పు రేకొకటి ఇప్పటికీ నల్లగానే ఉంది. ఆ రేకు చూపించి ఆవిడ కొత్తవాళ్ళకు పాఠం మొదలుపెడుతుంది.

సముద్రపు ఒడ్డునున్న ఈ సమానాలో ఊరంతా స్పానిష్ మాట్లాడుకుంటుంది. షెపర్డ్‌ల ఇంట్లో మాత్రం తాతముత్తాతలు ఓడ దిగిననాటి ఇంగ్లీషు ఇంకా చలామణిలో ఉంది. అందుకే పడవలవాళ్ళందరూ మంగళవారం సాయంత్రాలు రేకుల చర్చిలో ఆవిడ దగ్గర పాఠానికి చేరతారు. జనవరి రాగానే అఖాతంలోకి తిమింగలాలు వస్తాయి, వాటి వెనకాలే విదేశీయులు వస్తారు. వాళ్ళతో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడగలిగినవాడిదే పడవలో మైకు. మైకు ఎవరిదో కెప్టెన్ టోపీ వాడిదే.

ఒకసారి ఆవిడ కోడిని ఎత్తుకుపోయిన దొంగను చాగో మెడపట్టి తీసుకొచ్చాడు. "హీ రాబ్ ద హెన్!" అన్నాడు రొప్పుతూ.

టక్, టక్. "రాబ్ చేసేది సొత్తున్నవాణ్ణి. ఎత్తుకుపోయిన సొత్తునైతే స్టీల్. కోడిని దోచుకోవడానికి దాని రెక్క కింద పర్సుందట్రా?"

దొంగకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆవిడ వాణ్ణి వసారాలో కూర్చోబెట్టి, తనను ఏం చేశాడో, కోడిని ఏం చేశాడో విడివిడిగా చెప్పించింది. ఎండ నడినెత్తికొచ్చేసరికి వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అమ్మా, మీ కోడిని మీరే తీసుకోండి, మా ఇంటి కోడిని కూడా తెచ్చిస్తాను, నన్ను పోలీసులకు అప్పగించండి. ఈ చదువు మాత్రం వద్దు" అని కాళ్ళమీద పడ్డాడు. మాట నిలబెట్టుకుని రెండో కోడిని తెచ్చిచ్చాడు కూడా.

పాస్టరుగారికీ మినహాయింపు లేదు. ఆయన కళ్ళు మూసుకుని "ఓ లార్డ్, హియర్ అస్" అన్నారో లేదో, ముందు బెంచీలోంచి టక్, టక్.

"పాస్టరుగారూ, హియర్ అంటే చెవిన పడటం. దేవుడి చెవిన పడందేముంది? చాగో గురక కూడా పడుతుంది. చెవి ఒగ్గి వినమని అడగండి. లిజెన్!"

ఆనాటి నుంచి పాస్టరుగారు ప్రతి క్రియకు ముందూ ఆగి, ముందు బెంచీ వైపు ఓరగా చూసి, అప్పుడు ప్రార్థన ముందుకు జరుపుతున్నారు. ఆరాధన ఎంత సాగిందంటే జనం అల్లం పానీయం, వేయించిన రొట్టెలు మూటగట్టుకుని వస్తున్నారు. రేవులో పడవలవాళ్ళదీ అదే వరస. ఇంగ్లీషు నోటికి రాగానే మధ్యలో టక్కున ఆగి, ఆకాశంలోకి చూసి, క్రియ దొరికాక కదులుతారు. ఈ ఊరివాళ్ళు మాట మాటకూ దేవుణ్ణి తలుచుకుంటారని విదేశీయులు మురిసిపోతారు.

ఇంత ఆగుడూ బాగా కలిసొచ్చినవాడు ఎలాడియో ఒక్కడే. అతనికి చిన్నప్పటి నుంచీ నత్తి. తిమింగలం ఎక్కడ మునిగి ఎక్కడ తేలుతుందో నీటి రంగు చూసి చెప్పగలడు, చెప్పేలోపు అది తేలి మునిగిపోతుంది. అందుకని పడవలో లైఫ్ జాకెట్ల తాళ్ళు కట్టే పనిలోనే ఉండిపోయాడు. ఆ పనికి నోటితో అవసరం లేదు మరి.

అతను పాఠానికి వచ్చిన మొదటిరోజు లేచి నిలబడి "ఐ వ్... వ్... వ్..." అంటూ ఇరుక్కుపోయాడు. చాగో కిసుక్కుమన్నాడు. బెంచీ బెంచీ అంతా నవ్వింది. అప్పుడు పడింది గొడుగు దెబ్బ. అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఎవడ్రా నవ్వింది? ఆ అబ్బాయి సరైన క్రియ కోసం వెతుకుతున్నాడు. మీరు నోటికేదొస్తే అది కక్కేస్తారు. ఇకమీదట అందరూ ఇలాగే ఆగాలి!" అని ఎలాడియో వైపు తిరిగింది. "వెతుకు నాయనా. తొందరేం లేదు."

ఎలాడియో ఏమీ వెతకడం లేదు. క్రియ దొరికే ఉంది, పెదవులే వదలడం లేదు. ఈవిడ చాదస్తం నా పాలిట అదృష్టం అనుకుని కిమ్మనకుండా కూర్చున్నాడు. వారం తిరిగేలోపు అతను క్లాసుకు లీడరయ్యాడు. అతను తడబడినప్పుడల్లా "చూడండ్రా, ఎంత జాగ్రత్త!" అనేది ఆవిడ.

ఇలా ఉండగా ముసలి కెప్టెన్ మోకాళ్ళ నొప్పులతో పడవ దిగిపోయాడు. టోపీ ఖాళీ అయింది. పడవల యజమాని డాన్ బెలార్మినో, అంటే బెలార్మినోగారు, దానికోసం శనివారం పోటీ పెట్టాడు. పోయేటప్పుడు మైకు చాగోకి, నడి అఖాతంలో ఎలాడియోకి.

"మైకులో మాట జారిపోవాలయ్యా, ఇరుక్కోకూడదు" అన్నాడు ఎలాడియో ముఖం చూస్తూ. "నవ్వులపాలైతే మళ్ళీ తాళ్ళ దగ్గరికే."

ఎలాడియోకి ఆ టోపీ ఎంత కావాలో అతనికే తెలుసు. ఇన్నేళ్ళూ తిమింగలం లేచిన ప్రతిసారీ చెప్పాలనుకున్న మాటలన్నీ గొంతులోనే పోగుబడి ఉన్నాయి.

శనివారం పడవెక్కిన మొదటి మనిషి మిస్ దొర్కాస్. చర్చికి పెట్టుకునే పూల టోపీ, చేతిలో గొడుగు. పడవ ఇంకా రేవు వదలకముందే ఆవిడకు కళ్ళు తిరిగాయి. అయినా గొడుగు వదల్లేదు.

చాగో మైకు అందుకున్నాడు. విప్పిన కుళాయి వాడు. "లేడీస్ అండ్ జెంటిల్మెన్! ఆల్ మార్నింగ్ వి సీ ద వేల్స్..."

టక్, టక్. "కదిలేదాన్ని కన్నార్పకుండా కనిపెట్టుకుని ఉంటే ఏమంటాం? నీ చొక్కా మీద ఏం రాసుందిరా?"

చాగో వంగి తన పొట్ట చదువుకున్నాడు. "వేల్... వాచింగ్."

"పొట్టకున్న తెలివి నోటికి లేకపోయె!"

ఇక చాగో ప్రతి క్రియకూ ఆగడం, ఆకాశం చూడడం. వాడు ఆకాశంలో క్రియ వెతుక్కుంటుండగా పడవ వెనకవైపు ఒక తిమింగలం లేచి, తోక ఊపి, ఎవరికీ పట్టనట్టు వెళ్ళిపోయింది. డాన్ బెలార్మినో నెత్తి పట్టుకున్నాడు.

నడి అఖాతంలో ఇంజను ఆపారు. మైకు ఎలాడియో చేతికొచ్చింది. కుడివైపు నీళ్ళు లేతాకుపచ్చగా మారుతున్నాయి. చెప్పాల్సింది చిన్న ముక్క, అటు చూడండి అని.

"ప్లీజ్... ల్... ల్... ల్..."

డాన్ బెలార్మినో లేవబోయాడు. గొడుగు అతని ఛాతీకి అడ్డంగా లేచింది.

"కూర్చోవయ్యా. వెతుకుతున్నాడు."

పొద్దుటి నుంచీ చాగోకి జరిగింది చూస్తున్న జనానికి ఈ ఆట అలవాటైపోయింది. అందరూ ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు. ఇంజను లేదు, మాట లేదు, కెమెరా చప్పుడైనా లేదు. ఆ నిశ్శబ్దంలో నీళ్ళు చీలి, బుస్సుమని తిమింగలం ఊపిరి వదిలింది. పక్కనే పిల్ల తిమింగలం ఊపిరి, తుమ్మంత.

"...లిజెన్" అన్నాడు ఎలాడియో.

ఎవరూ కదల్లేదు. తల్లీపిల్లా పడవ పక్కనే ఊపిరి తీసుకుంటూ పోతుంటే, వినేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి మునిగిపోయాక పడవ ఊగిపోయేలా చప్పట్లు కొట్టారు.

డాన్ బెలార్మినో టోపీ తెచ్చి ఎలాడియో నెత్తిన పెట్టాడు. "వాగేవాళ్ళు నా దగ్గర కావలసినంతమంది ఉన్నారు. పడవెడు జనం చేత నోరు మూయించినవాణ్ణి ఇవాళే చూశాను."

"చూడటం కాదు," అంది మిస్ దొర్కాస్ పడవ అంచు పట్టుకుని, ముఖం పాలిపోయి. "విన్నావు."

మర్నాడు ఎలాడియో కొబ్బరిపాలలో వండిన చేపలు గిన్నెలో పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాడు. పెరట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. దొంగ తెచ్చిచ్చిన కోడితో ఇంగ్లీషులో పోట్లాడుతోంది.

"లుక్ హియర్, హెన్! ఐ స్పీక్ యు యెస్టర్డే! యు నో లిజెన్ మై వాయిస్? ఐ సీ యు ఆల్ డే, యు రాబ్ మై కార్న్!"

గిన్నె జారబోయింది. క్రియలన్నీ కలగాపులగం! ఒక్కటి కూడా దాని చోట అది లేదు. అదీ ఎంత హాయిగా, ఎక్కడా ఆగకుండా!

ఎలాడియో కంచె పట్టుకుని నిలబడిపోయాడు. మొదటిరోజు గొడుగు దెబ్బకు అందరూ ఎందుకు ఉలిక్కిపడ్డారో ఇప్పుడు తెలిసింది. అంతకుముందు ఆ గొడుగు వానకు తప్ప దేనికీ టక్కుమనలేదు. మంటలూ, కోడిదొంగా, పాస్టరుగారి ప్రార్థనా అన్నీ ఆ తర్వాతే. అతనొక్కడూ ఆగితే నత్తి. అందుకని ఆవిడ పాస్టరుగారితో సహా ఊరందరి చేతా ఆగించింది. దానికోసం వంటింటి రేకు కూడా నల్లబరుచుకుంది.

అతనికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గేటు మీద వేళ్ళతో కొట్టాడు. టక్, టక్.

"ఆ... ఆ... ఆగండి టీచరమ్మా. ఏ క్రియ?"

ఆవిడ గిరుక్కున తిరిగింది. కోడి వంకా, అతని వంకా చూసింది. గొడుగు కోసం చెయ్యి చాచింది, అందలేదు.

"చెవిన పడిందా నాయనా? చెవి ఒగ్గి విన్నావా?"

ఎలాడియో ఆకాశంలోకి చూశాడు. ఆవిడ ఎప్పటిలాగే తొందరపెట్టకుండా నిలబడింది.

"రెం... రెండూ కాదు టీచరమ్మా."

"మంచిది. చేపలు లోపల పెట్టు."

అప్పుడే వంటింటి కిటికీలోంచి నల్లటి పొగ బుస్సున వచ్చింది. బకెట్టుతో చాగో గేటు దాకా పరుగెత్తుకొచ్చి, టక్కున ఆగి, "టీచరమ్మా! ఐ..." అని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఏ క్రియైతేనేం, ముందు నీళ్ళు పొయ్యరా వెధవా!" అని అరిచింది మిస్ దొర్కాస్.