నలభై మూడు కేజీల నర్సమ్మ

మా సబ్ సెంటర్ నర్సమ్మ పోయిన సోమవారం చనిపోయింది. ఊరూరా తిరిగి జ్వరమొచ్చిన ప్రతివాళ్ళ వేలూ పొడిచి రక్తపు చుక్క తీసిన మనిషి, తన జ్వరానికి మాత్రం ఒక బిళ్ళ మింగి రెండు రోజులు డ్యూటీకి తిరిగింది. మూడో రోజు మాట తడబడిందట. మలేరియా మెదడుకెక్కిందన్నారు. జీపు ఘాట్ రోడ్డు దిగకముందే ప్రాణం పోయింది. ఆ జీపు తోలినతనే మా కొట్టుకి వచ్చి "మన నర్సమ్మ లేదమ్మా" అని ఒక్క ముక్క చెప్పి అరుగు మీద కూలబడ్డాడు.

ఆవిడ మంచితనం గురించి చెప్పేవాళ్ళు ఈ కొండల్లో గూడేనికి పదిమంది దొరుకుతారు. నేను చెప్పాల్సింది అది కాదు. నేను డుంబ్రిగుడ సంతలో కొట్టున్న సావుకారు భార్యని. శృంగవరపుకోట నుంచి కాపురానికి కొండెక్కి వచ్చినదాన్ని. ఆరేళ్ళ కిందట నర్సమ్మ దగ్గర నేనొక సంగతి దాచాను. దాని ఖరీదు మోసింది మా ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

మొదటిసారి నెల తప్పినప్పుడు నా బరువు డెబ్భై ఎనిమిది. పొడుగు చూస్తే అయిదడుగులు. సబ్ సెంటర్ వరసలో నా ముందున్న కొండ ఆడవాళ్ళంతా నలభై, నలభై రెండు. నేను మిషనెక్కగానే వాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. అందులో ద్వేషమేమీ లేదు, వింత చూశారంతే. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కనని భీష్మించుకుని, "మా ఇంట్లో కాటా ఉంది కదా, అక్కడే తూయండి" అని నర్సమ్మని బతిమాలాను. కొట్టు వెనక గదిలో అల్లం బస్తాలు, కాఫీ బస్తాలు తూచే కాటా అది. సంతరోజు ఎలాగూ ఇటు వస్తుంది కనక ఆవిడ సరేనంది.

"ఈ కొండల మీద నా పని తినండర్రా, తినండర్రా అని బతిమాలడమే," అనేది నన్ను తూస్తూ. "బిడ్డ పెద్దదైపోతే కానుపు కస్టమని మావోళ్ళు సగం కడుపే తింటారు. తగ్గించి తినమని ఒక మనిసికి సెప్పడం నీ దగ్గరే నేర్సుకున్నాను, సావుకారమ్మా!"

మా అత్తగారు ఇద్దరి తిండి తినాలని రోజూ నెయ్యి కారే సున్నుండలు పెట్టేది. నర్సమ్మ ఒకనాడు నా చేతిలోది లాక్కుని తనే నోట్లో వేసుకుంది. "కడుపులోది గుప్పెడంతుంది. దానికి నీ అంత కంచం ఏటికమ్మా?" అంది నములుతూ. అత్తగారికి కూడా నవ్వాగలేదు. నర్సమ్మ చెప్పినవేమీ పెద్ద మాటలు కావు. పొద్దుట చోడి అంబలి, అదే రాగిజావ, మధ్యాహ్నం అన్నం తగ్గించి ఆకుకూరా పప్పూ ఎక్కువ, సాయంత్రం రైల్వే గేటు దాకా నడక. "నువ్వు ముందే బరువుగున్నావు. కానుపు దాకా ఆరేడు కేజీలు పెరిగితే సాలు. అలాగని పస్తులుండకు, బిడ్డ ఎండిపోద్ది." ఇవన్నీ చెప్పాక, ప్రతిసారీ ఇంకొకటి చెప్పేది. "ఒక్క వారంలో గబుక్కున రెండు మూడు కేజీలు పెరిగితే అది తిండి వల్ల కాదు, ఒంట్లో సేరిన నీరు. బేగి నాకు కబురెట్టు. ఆ రోజే."

అన్నీ పాటించాను, ఆ చివరిది తప్ప.

మా ఇంట్లో ఒక అలవాటుంది. కాఫీ పంట దిగే రోజులు రాగానే మా ఆయన కాటా సర్దుతాడు. సర్దడమంటే పక్కనున్న మర కాస్త తిప్పడం. అప్పుడు కొండవాళ్ళు అమ్మడానికి తెచ్చిన బస్తాకి మూడు కేజీలు తక్కువ చూపిస్తుంది. సీజన్ అయ్యాక మళ్ళీ వెనక్కి తిప్పేస్తాడు. పెళ్ళయిన మొదటి ఏడే నాకీ సంగతి తెలిసింది. తెలిసీ వాళ్ళు పండించిన దాంతో వచ్చిన అన్నమే తిన్నాను. నర్సమ్మ సొంత అన్నయ్య కూడా కాఫీ మా కాటా మీదే తూయించేవాడు.

నాకు ఏడో నెల నిండుతుండగా ముంచింగిపుట్టు వైపు జ్వరాలు ఎక్కువయ్యాయని నర్సమ్మని మూడు వారాలు అటు వేశారు. వెళ్తూ వెళ్తూ, వారం వారం తూయించుకుని క్యాలెండరు మీద రాసి పెట్టమంది. మా ఆయన తూస్తే నేను రాశాను. ఎనభై మూడు, ఎనభై రెండు, ఎనభై మూడు. అంతా బాగున్నట్టే. కానీ కాళ్ళు పొంగాయి, చెప్పులు పట్టడం మానేశాయి, గాజులు మణికట్టులోకి దిగబడ్డాయి. రెండో వారం తూస్తున్నప్పుడు మా ఆయన్ని అడిగాను, "కాటా సర్దేవా?" అని.

"సీజన్ కదేటి," అన్నాడు.

నేను మళ్ళీ అడగలేదు. మూడు కలుపుకోవాలని తెలియని చదువు కాదు నాది. కలిపితే నర్సమ్మకి కబురు పెట్టాలి. కబురు పెడితే కాటా సంగతి ఆవిడకి చెప్పాలి. అదీగాక, ఎనభై మూడన్న అంకె నాకు ముద్దొచ్చింది. జన్మలో మొదటిసారి నా బరువు నా మాట విన్నదని మురిసిపోయాను. సిగ్గులేని మురిపెం.

నర్సమ్మ తిరిగొచ్చిన రోజు గుమ్మంలోనే ఆగి నా మొహం చూసింది. బీపీ పట్టీ చుట్టి చూసింది, నమ్మలేక ఇంకోసారి చూసింది. తర్వాత క్యాలెండరు చూసింది. చెప్పులు విప్పి, కాటా మీద తను నిలబడి "తూయి బాబూ" అంది మా ఆయనతో. కాటా నలభై చూపించింది.

"ఇరవయ్యేళ్ళుగా నా బరువు నలభై మూడే," అంది నర్సమ్మ. "జొరమొచ్చి లేచినా అంతే. ఈ కాటా ఎన్నాళ్ళబట్టి ఇలగుంది?"

మాటలకి టైము లేదు. అప్పటికప్పుడు జీపులో శృంగవరపుకోట దాకా, అక్కణ్ణుంచి విశాఖ పెద్దాసుపత్రికి. దారంతా నర్సమ్మ నా చెయ్యి వదల్లేదు. బిడ్డని తీసేస్తే తప్ప తల్లి దక్కదన్నారు. ఆడపిల్ల. రెండు రోజులు బతికింది.

పదకొండో రోజు నర్సమ్మ మా ఇంటికొచ్చి బీపీ చూసింది. ఐరన్ బిళ్ళలిచ్చింది. అప్పుడడిగింది, "నీకు తెలుసా, సావుకారమ్మా?" అని. తలూపాను. "కబురెట్టుంటే బాగుణ్ను," అని మాత్రం అని లేచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే ఎంతో తేలిగ్గా ఉండేది.

ఆ తర్వాతి సంతకి, మొదటి బస్తా ఎక్కకముందే వచ్చి, అందరూ చూస్తుండగా మా కాటా మీద నిలబడింది. అంకె తెలుగులోనూ తన భాషలోనూ గట్టిగా చదివింది. నలభై మూడు. దిగి, తన సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఈ ఆరేళ్ళూ ఊళ్ళో ఉన్న ప్రతి సంతకీ అదే పని. ఆవిడ రాని వారాల్లో మా కాటా ఎంత చూపించేదో నేను అడగలేదు. ఆ ధైర్యం కూడా లేదు నాకు.

మూడేళ్ళ కిందట నాకు మళ్ళీ కడుపు నిలిచింది. ఈసారి సబ్ సెంటర్ వరసలోనే నిలబడ్డాను. ఏడు కేజీలు పెరిగాను. పిల్లాడు బతికాడు. వాణ్ణి నా చేతిలో పెడుతూ నర్సమ్మ నన్ను "సెల్లీ" అంది. నేను అక్కా అనలేకపోయాను. ఇప్పుడు అంటే వినేదెవరు?

నిన్న సంత. ఆవిడ లేని మొదటి సంత. పొద్దున్నే సబ్ సెంటర్‌కి వెళ్ళి తూయించుకున్నాను. ఎనభై రెండు. కొట్టుకి వచ్చేసరికి కాటా ముందు బస్తాలు బారు తీరాయి. మా ఆయన మొదటి బస్తా మీద చెయ్యి వేశాడు. నేను అడ్డం వెళ్ళి కాటా ఎక్కాను.

"ఏటిది? దిగు, జనం సూస్తన్నారు."

"సూడనీ. ఎంతో సెప్పు."

నేనే వంగి చూశాను. డెబ్భై తొమ్మిది. నర్సమ్మని మట్టిలో పెట్టి వారం కాలేదు.

"ఇది డెబ్భై తొమ్మిదంటంది," అన్నాను అందరికీ వినపడేలా. "నా బరువు ఎనభై రెండు. ఇప్పుడే ఆసుపత్రిలో తూయించుకొచ్చాను."

ఎవరూ నవ్వలేదు. ముందున్న ముసలమ్మ తన బస్తా మెల్లగా వెనక్కి లాక్కుంది. మా ఆయన మర తిప్పేదాకా నేను కాటా దిగలేదు.