పేరుంది, టికెట్ లేదు

2023 జనవరి ఆఖరు వారం. మెల్‌బోర్న్‌లో స్కూళ్ళు తెరిచే సమయం. ఇండియా వెళ్ళినవాళ్ళంతా ఒక్కసారిగా తిరిగొచ్చే రోజులవి. ఊరి శివారు టార్నీట్‌లో మా ట్రావెల్ ఏజెన్సీ రెండు టేబుళ్ళ షాపు, పక్కన కిరాణా, అటుపక్క హెయిర్ సెలూన్. ఓనర్ బయట తిరుగుతాడు, టికెట్ల పనంతా నాదే. అప్పటికి ఈ పనిలో నాకు పదిహేనేళ్ళు. చుట్టుపక్కల తెలుగువాళ్ళకి షాపు పేరు గుర్తుండదు, "పద్మక్కని అడుగు" అంటారంతే. ఆ మాట వింటే నాకు కాస్త పొగరుగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు.

ఈ పని తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. విమానంలో సీటుకి రెండుంటాయి. ఒకటి బుకింగ్, అంటే ఫలానా విమానంలో ఫలానావాళ్ళు వస్తున్నారని పేరు రాయించుకోవడం. రెండోది ఈ-టికెట్, అంటే ఆ ప్రయాణానికి డబ్బు కట్టినట్టు రుజువు. టికెట్‌లో ఒక్కో విమానానికి ఒక్కో కూపన్ ఉంటుంది. ఎయిర్‌లైన్ టైమ్ మార్చినప్పుడు మా కంప్యూటర్‌కి సందేశం వస్తుంది. ఒక్క కమాండ్ కొడితే బుకింగ్ కొత్త విమానానికి మారిపోతుంది. కానీ టికెట్ దానంతటదే మారదు. కూపన్‌ని కూడా కొత్త విమానానికి మార్చాలి. దాన్ని రీవాలిడేషన్ అంటాం. రెండు నిమిషాల పని.

ఆ రెండు నిమిషాల దగ్గరే అంతా పోయింది.

సునీతది చీరాల దగ్గర. ఇక్కడ చైల్డ్‌కేర్‌లో పనిచేసేది. భర్త ప్రభాకర్ వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నాలుగేళ్ళ పాప హానా. వాళ్ళ అసలు వీసా ఇంకా ఫైల్లోనే ఉంది, అది తేలేదాకా ఉండనిచ్చే బ్రిడ్జింగ్ వీసా మీద ఉన్నారు. ఆ వీసా మీద దేశం దాటాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, అందులో రాసిన తేదీలోపల తిరిగి అడుగుపెట్టాలి. దాటితే తలుపు మూసుకున్నట్టే, బయటినుంచి కొత్తగా వీసా పెట్టుకుని ఎదురుచూడాలి. చెల్లెలికి కష్టమైన కాన్పని సునీత పాపని భర్త దగ్గర వదిలి మూడు వారాలకి వెళ్ళింది. తిరుగు ప్రయాణం శుక్రవారం. అనుమతి ఆదివారం దాకా.

ఆ నెలలో ఎయిర్‌లైన్స్ ఆడిన ఆట అంతా ఇంతా కాదు. రోజుకి నలభై మార్పులు వచ్చేవి. సునీత ఎక్కాల్సిన శుక్రవారం విమానం రద్దు చేసి శనివారం పొద్దునకి వేశారు. నేను ప్రభాకర్‌కి ఫోన్ చేశాను.

"ఆదివారం పొద్దున ఏడింటికి దిగుతుంది. పర్వాలేదా?"

"ఆదివారం లోపల వస్తే చాలక్కా. ఆ రోజు దాటకూడదు, అంతే."

"దాటదులే, నేనున్నాగా" అన్నాను. ఈ మాట నేనే అన్నాను, నా నోటితోనే.

కమాండ్ కొట్టాను. బుకింగ్ మారింది. కొత్త టైములున్న ఇటినరరీ, అంటే ప్రయాణ వివరాల కాగితం, వాట్సాప్‌లో పంపాను. మనవాళ్ళకి ఆ కాగితం చేతికొస్తే టికెట్ వచ్చేసినట్టే. నాకూ అలాగే అలవాటైపోయింది. కాగితం పంపితే ఫోన్ మోగడం ఆగుతుంది, అందుకని ముందు కాగితం పంపేసి, కూపన్లన్నీ సాయంత్రం కూర్చుని ఒకేసారి మార్చేదాన్ని. ఆ సాయంత్రం జాబితాలో సునీత పేరు రాసుకోలేదు. ఎందుకు రాసుకోలేదని నన్ను నేను వందసార్లు అడిగాను. ఏ కారణమూ లేదు, మర్చిపోయాను.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. రెండింటికి షాపు కట్టేయాలి. వాట్సాప్ కాల్ వచ్చింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి సునీత. అక్కడ పొద్దున ఎనిమిది కావస్తోంది.

"అక్కా, నా పేరుందంట, టికెట్ లేదంట. ఇదేందక్కా?"

టికెట్ తెరిచాను. కూపన్ మీద రద్దయిన శుక్రవారం విమానం అలాగే ఉంది.

"ఏం కంగారు పడకు, రెండు నిమిషాలు" అని కమాండ్ కొట్టాను. సిస్టమ్ ఒప్పుకోలేదు. అక్కడి కౌంటర్లో చెక్-ఇన్ చెయ్యబోయి కూపన్‌ని పట్టుకున్నారు. అలా పట్టుకుంటే కూపన్ ఎయిర్‌పోర్ట్ చేతిలో ఉంటుంది, వాళ్ళు వదిలితే తప్ప ఏజెంట్ దాన్ని ముట్టుకోలేడు. ఫోన్ కౌంటర్ అబ్బాయికి ఇమ్మన్నాను.

"మేడం, మా దిక్కు నుంచి కాదు. మీ ఏజెన్సీలనే మార్చాలె" అన్నాడు.

"బాబూ, కూపన్ మీ దగ్గర ఇరుక్కుంది. మీరు వదిలితేనే నేను మార్చగలను."

"అది సూపర్‌వైజర్ చేయాలె మేడం. సార్ గేటు కాడున్నడు."

"నీకు పుణ్యముంటుంది, పిలువయ్యా!"

పిలిచాడు పాపం, వాణ్ణి అనడానికి లేదు. సార్ రావాలిగా. ఎయిర్‌లైన్ ఆఫీసుకి ఇంకో ఫోన్లోంచి చేస్తే పాట వినిపిస్తూ కూర్చోబెట్టారు. ఒక చెవిలో ఆ దిక్కుమాలిన పాట, ఇంకో చెవిలో సునీత. మొదట్లో "అక్కా, లైన్ అయిపోతోంది" అనేది. తర్వాత ఏదో ప్రార్థన చేసుకుంటున్నట్టు గొణుగుడు మాత్రం వినిపించింది.

మా టైము రెండూ పదికి కౌంటర్ మూసేశారు. రెండూ పద్దెనిమిదికి సార్ వచ్చి కూపన్ వదిలాడు. కమాండ్ కొట్టాను. ఒప్పుకుంది. స్క్రీన్ మీద ఓకే అని పడింది. ఆ ఓకే చూసి వెక్కివెక్కి ఏడ్చాను. టికెట్ అన్ని విధాలా సరిగ్గా ఉంది, ఆ విమానం ఎక్కే వీల్లేదు.

తర్వాత మూడు గంటలు ప్రతి ఎయిర్‌లైన్‌లోనూ వెతికాను. ఆ రాత్రి విమానాలన్నీ నిండిపోయాయి. ఒకే ఒక్క సీటు దొరికింది, సోమవారం ఉదయం ఆరింటికి దిగేది. ప్రభాకర్ పాపని ఎత్తుకుని షాపుకొచ్చాడు.

"ఆరు గంటలే కదక్కా, బతిమాలుకుంటే ఒప్పుకోరా?"

"అసలు విమానమే ఎక్కనివ్వరు ప్రభాకర్."

హానా నా టేబుల్ మీద బ్రోచర్లు తిరగేస్తూ, "Is Mummy on this one?" అని బొమ్మలో విమానం మీద వేలు పెట్టింది. ప్రభాకర్ ఆ బ్రోచర్ మూసి పక్కన పెట్టాడు.

అప్పుడు అడిగాడు. "ఇట్టా ఎందుకయిందక్కా?"

ఓనర్‌కి అప్పటికే ఫోన్లో చెప్పాను. "ఏదీ రాసివ్వకు, ఒప్పుకోకు" అన్నాడు. ఆయన్ని అడ్డం పెట్టుకోను. ఆయన చెప్పకపోయినా నేను అదే పని చేసేదాన్ని. నా పేరు, నా పదిహేనేళ్ళు, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు, అన్నీ ఆ క్షణంలో కళ్ళముందు తిరిగాయి.

"ఎయిర్‌లైన్ సిస్టమ్‌లో ఏదో లోపం. వాళ్ళదే తప్పు" అన్నాను.

నమ్మాడు. పైగా, "మీరు అన్నం కూడా తినకుండా మధ్యాహ్నం నుంచి కష్టపడుతున్నారక్కా" అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.

నేను చెప్పిందే పట్టుకుని ఎయిర్‌లైన్‌కి ఫిర్యాదు రాశాడు. వాళ్ళు తప్పు ఒప్పుకుని ఒక ఉత్తరం ఇస్తే, సునీత కొత్త వీసా అప్లికేషన్‌లో దాన్ని పెట్టొచ్చని చూస్తూ కూర్చున్నాడు. ఆరు వారాలకి జవాబొచ్చింది. అది తీసుకుని షాపుకొచ్చాడు, కూర్చోలేదు. అందులో రెండే వాక్యాలు. మార్పును ఏజెంట్ అంగీకరించారు. టికెట్‌ను ఏజెంట్ సవరించలేదు.

"నిజమేనా అక్కా?"

"నిజమే."

"మా వీసా లాయరు మొదటి రోజే అడిగాడు, తప్పెవరిదో కాగితముంటే తెమ్మని. ఆమె వేళకే ఎయిర్‌పోర్టుకొచ్చిందనీ, తప్పు ఆమెది కాదనీ రుజువు కావాలన్నాడు. ఆ కాగితం మీరివ్వాల్సిందేనా?"

అప్పటికప్పుడు రాసిచ్చాను. తప్పు నాది, ఆమె వేళకే వచ్చింది, అని రాసి సంతకం పెట్టాను. ఓనర్ అరిచాడు, అరవనీ. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ప్రభాకర్ వెళ్ళిపోయాడు. ఆ ఆరు వారాలు ఫైలు కదలలేదు. ముందే ఇచ్చి ఉంటే ఎన్నాళ్ళు తగ్గేదో నాకు తెలియదు, లాయరూ చెప్పలేనన్నాడు.

సునీత కొత్త వీసా మీద ఆగస్టులో వచ్చింది. హానా కిండర్ బడి మొదటిరోజు, ఐదో పుట్టినరోజు, రెండూ ఫోన్లోనే చూసింది. వచ్చిన పది రోజులకి మా షాపు పక్కనున్న కిరాణాలో ముగ్గురూ కనబడ్డారు. నేనే దగ్గరికెళ్ళాను. హానా వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని నిలబడింది. సునీత రమ్మని చెయ్యి చాస్తే, "I'm with Daddy" అంది. సునీత ఆ చెయ్యి వెనక్కి తీసుకుని కొత్తిమీర కట్ట అందుకుంది.

"క్షమించమ్మా" అన్నాను.

"మర్చిపోవడం ఎవరికైనా ఉంటదక్కా. నేనూ పిల్లల్తో పనిచేసేదాన్నే, నేనూ మర్చిపోతా" అంది. కొత్తిమీర బుట్టలో వేసి అడిగింది. "ఆ రోజు ఆయన పాపనెత్తుకుని మీ ముందు నిలబడి అడిగినప్పుడు, మీకు తెలుసు కదా?"

"తెలుసు" అన్నాను.

తల ఊపింది. బిల్లు కట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను కూపన్ మార్చి, టికెట్ తెరిచి కళ్ళారా చూసుకున్నాకే కాగితం పంపుతాను. కొత్తగా చేరేవాళ్ళకి నేర్పేది ఇదే, ఇది తేలిక. రెండోది కష్టం. తప్పు జరిగితే ఆ గంటలోనే ఫోన్ చేసి "నాదే" అంటాను, అడక్కుండానే రాసిస్తాను. ఇంతవరకు రెండుసార్లు చేశాను. రెండుసార్లూ నోటికొచ్చినట్టు తిట్టారు. వింటూ కూర్చున్నాను, సునీత కూడా నన్ను అలా తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ.