ఈగల కోసం బల్లుల సంతకి

కువైట్‌లో అప్పుడప్పుడూ ఏదో ఒక హాల్లో పాములూ ఉడుములూ ఊసరవెల్లుల ప్రదర్శన పెడుతుంటారు. కప్పల్ని పెంచేవాడికి అక్కడేం పని అని ఎవరైనా అడిగితే, "దండగండీ బాబూ, పెట్రోలు వదుల్తది, అంతే" అనేవాడు కుక్కుటేశ్వరరావు. పిఠాపురం మనిషి. ఫహాహీల్‌లో ఏసీ మెకానిక్. రెండువేల పద్నాలుగు వేసవి దాకా ఆయనది అదే మాట. ఆ వేసవిలో మాట మార్చుకున్నాడు.

ఆయన కప్పలు మన వానాకాలపు బోదురుకప్పలు కావు. డార్ట్ ఫ్రాగ్స్ అంటారు. బొటనవేలంత ఉంటాయి. నీలిమందులో ముంచి తీసినట్టు నీలంగా, మీద నల్లచుక్కలతో మిలమిల్లాడుతుంటాయి. అడవిలో ఉన్నప్పుడు ఒంటినిండా విషమేనట గానీ, గాజుపెట్టెలో పుట్టి పెరిగినవాటికి ఆ పౌరుషం లేదు. ఏసీ బాగుచేయించుకున్న ఒక ఫిలిప్పీన్స్ నర్సు దేశం వదిలి వెళ్తూ, పెట్టెతో సహా రెండు కప్పల్ని ఈయన చేతిలో పెట్టింది. బయట నలభై ఎనిమిది డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు ఆ పెట్టెలో మాత్రం నాచు పచ్చగా తడితడిగా ఉండేది. డ్యూటీ నుంచి వచ్చి దాని ముందు కూర్చుంటే చాలు, పిఠాపురంలో వాన వెలిసిన సాయంత్రంలో ఉన్నట్టుండేది ఆయనకి.

చిక్కంతా వాటి తిండి దగ్గరే. కదలనిది వాటికి తిండే కాదు. పైగా నోరు ఆవగింజంత. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిట్టి ఈగలున్నాయే, వాటిలో ఎగరలేని రకం కావాలి. అరటిపండు గుజ్జులో ఈస్టు కలిపి, డబ్బాల్లో ఈగల్ని ఇంట్లోనే పెంచుకోవాలి. భార్య విజయదుర్గకి ఈగంటే అసహ్యం. అందుకని ఆ మహానుభావుడు కప్పలు దుకాణంలో కొన్న మేత తింటాయని ఆవిడకి చెప్పి, డబ్బాల్ని బియ్యం బస్తా వెనక దాచాడు.

ఆ వేసవిలో ఒక శుక్రవారం వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి మనవాళ్ల వ్రతాలన్నీ ఆ రోజే. ప్రసాదానికి రవ్వ తీద్దామని బస్తా జరిపిన విజయదుర్గకి పులిసిన వాసన గుప్పున కొట్టింది. వెనక నాలుగు డబ్బాలు, నిండా కుళ్లిన అరటిపళ్లు, వాటిలో బుజబుజలాడే ఈగలు. దేవుడికి వండేచోట ఇదేం మైల అనుకుని, అన్నీ పట్టుకెళ్లి కింద వీధి చెత్తడబ్బాలో పారేసింది. వ్రతం దివ్యంగా జరిగింది. వచ్చినవాళ్లు ప్రసాదం రెండోసారి అడిగి మరీ తిన్నారు.

సాయంత్రం సంగతి తెలిసి కుక్కుటేశ్వరరావు కుర్చీలో కూలబడ్డాడు. "అయ్యి తినేది ఆ ఈగల్నే దుర్గా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. విజయదుర్గకి కళ్లనీళ్లు తిరిగాయి. "ముందే చెప్పొచ్చు గదండీ. చంపేసేదాన్లా కనపడ్డానా మీకు?" అంది.

వారం గడిచింది. ఈగలు చేరతాయేమోనని బాల్కనీలో పెట్టిన అరటిపండు ఆ ఎండకి ఈగ వాలేలోపే వడియమైంది. దుకాణంలో కీచురాళ్లున్నాయి గానీ వాటిని చూసి కప్పలే జడుసుకున్నాయి. బయటి దేశం నుంచి తెప్పిద్దామంటే దారిలోనే ఉడికిపోతాయి. కప్పల నడుములు లోపలికి పోయాయి. పెద్దది నాచు మీద నుంచి లేవడం మానేసింది. సరిగ్గా ఆ మరుసటి శుక్రవారమే ప్రదర్శన. దండగని తెలిసీ కారు తీశాడు. "నేనూ వస్తానండీ" అంది విజయదుర్గ. బల్లి ఒంటిమీద పడితే తలస్నానం చేసి దీపం పెడితే గానీ పచ్చినీళ్లయినా ముట్టని మనిషి! హాలు గుమ్మం దగ్గర కొండచిలువని కండువాలా వేసుకున్న కుర్రాణ్ణి చూసి ఆవిడ కాళ్లు అక్కడే నిలబడిపోయాయి. ఆవిణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన మంచినీళ్లు తాగి లోపలికి వెళ్లాడు.

అనుకున్నట్టే అయింది. ఎలకలు మింగేవీ, ఆకులు మేసేవీ అన్నీ ఉన్నాయి. కప్ప మాట ఎత్తితే నవ్వారు. చివరికి కీచురాళ్లు అమ్మే ఈజిప్టు ఆయన్ని ఈగలున్నాయా అని అడిగితే, ఆయన చేతులెత్తేశాడు. "ఫ్లై, ఫ్లై! యు నంబర్ టూ! నో ఫ్లై, ఖలాస్!"

తను రెండోవాడా, అనుకున్నాడు కుక్కుటేశ్వరరావు. తనకన్నా ముందు ఈగలు అడిగినవాడెవడో ఉన్నాడు! అంటే కువైట్‌లో ఈ కప్పలున్న ఇల్లు ఇంకొకటి ఉంది. పక్క బల్ల దగ్గరా అదే జవాబు, ఆ పక్కనా అంతే. ఆ మనిషి బల్లబల్లకీ అడుగుతూ పోయాడన్నమాట. కళ్లజోడు పెట్టుకున్న ఏ తెల్లదొరో, ఆయిల్ కంపెనీ ఇంజినీరో అని ఊహించుకుంటూ, వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కూర్చుకుంటూ హాలంతా పరుగుపెట్టాడు.

ఆ చివర, ఉడుముల బల్ల ముందు, చీర కొంగు తలమీద నుంచి గడ్డం కిందికి బిగించుకుని, ఒక కన్ను మూసి ఒక కంటితో నేలని చూస్తూ నిలబడి ఉంది విజయదుర్గ. "ప్లీజండీ, ఫ్లై ఉందా, చిన్న ఫ్లై?" అంటోంది వణుకుతూ.

కుక్కుటేశ్వరరావు దొర కోసం కూర్చుకున్న ఇంగ్లీషంతా ఎగిరిపోయింది.

అప్పటికే నల్లటి అబాయా వేసుకున్న ఒకావిడ విజయదుర్గ భుజం తట్టింది. పేరు హమీదా బీ, రాయచోటి మనిషి, ఫింటాస్‌లో ఒక కువైటీ ఇంట్లో పని. తను మామా అని పిలిచే యజమానురాలి కూతురు ఉడుముని కొనుక్కుంటానంటే తోడొచ్చింది.

"ఏందిక్కా, ఈగలడగతా తిరగతాండావు? నీలంకప్పలకేనా?"

"మీకెలా తెలుసండీ?"

"మా మామా కూతురికీ ఉండాయి గదా! నా వంటింట్లో డబ్బాలు డబ్బాలు ఈగలే. పారేయబోతే ఆ పాప ఏడుస్తాది. ఒగ డబ్బా ఇప్పిస్తా, పాండి. అట్ట వణకొద్దు, అది కట్టేసిన ఉడుమేలే."

ఫింటాస్‌లో వాళ్లింటికి వెళ్తే, ఆ అమ్మాయి సంబరంగా రెండు డబ్బాలు ఇచ్చింది. తిరుగుదారంతా వాటిని ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా "మెల్లిగా పోనివ్వండి" అంటూనే ఉంది విజయదుర్గ.

ఇల్లు చేరగానే కుక్కుటేశ్వరరావు గబగబా గీజరు వేశాడు. "నువ్వు స్నానానికెళ్లు దుర్గా. అన్ని బల్లుల మధ్య తిరిగొచ్చేవు. డబ్బాలు నేను బస్తా ఎనకాల పెడతాలే."

ఆవిడ డబ్బాలు ఇవ్వలేదు. చెప్పులు విడిచి తిన్నగా గాజుపెట్టె దగ్గరికి వెళ్లి, మూత తీసి, ముక్కు చిట్లించుకుంటూనే చిటికెడు ఈగల్ని లోపల దులిపింది. పెద్దకప్ప తల తిప్పింది.

"ముందు అయ్యి తిన్నియ్యండి. స్నానం ఎక్కడికి పోద్ది?"